జాబ్ చార్టు ప్రకారం కాల్పులు

మా కాలువల సబ్‌డివిజన్ ఆఫీసుకి తుపాకీ ఆట రావడానికి కారణం గండి. ఆ ముందటేడు వరదల్లో పెద్ద కాలువకి గండి పడింది. దాన్ని పూడ్చేసరికి ఊళ్లు మునిగి, తేలి, ఎండి, మళ్లీ నాట్లు కూడా వేసుకున్నాయి. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఇసుక బస్తాలు లేవన్న సంగతీ, జీపులో డీజిలు లేదన్న సంగతీ, గట్టు మీది మట్టిని ఎవరో తవ్వుకుపోయిన సంగతీ సంఘం వారు ఓపిగ్గా విన్నారు. విని, సిబ్బంది చేతివేళ్లలో చురుకుదనం లోపించడమే మూలకారణమని తేల్చారు.

సంఘానికి ఈ జ్ఞానం ప్రసాదించినవాడు నిశాంత్ అనే నైపుణ్య సలహాదారు. కంప్యూటరులో తుపాకీ ఆట ఆడేవాళ్ల వేళ్లు కనురెప్ప కన్నా వేగంగా కదులుతాయని ఆయన గోడ మీద గ్రాఫులు వేసి చూపించాడట. అలాంటి వేళ్లే నీటిపారుదల శాఖకి ఉంటే ఈ రాష్ట్రంలో గండి పడడానికే జంకుతుందన్నాడట. పెద్దలకి ఆ మాట మహా నచ్చింది. బస్తాలకీ డీజిలుకీ ఏటా బడ్జెటు కావాలి. వేళ్లు సిబ్బంది దగ్గర ముందునుంచే ఉన్నాయి.

ఆ విధంగా 'సత్వర స్పందన సామర్థ్య సాధన కార్యక్రమము' మా ఆఫీసుకి వచ్చింది. ఒక కంప్యూటరు, ఒక మౌసు, వాటి వెనక ఒక ఉత్తర్వు. సిబ్బంది యావన్మందియు సదరు ఆటలోని తొలి శిక్షణా స్థాయిని సంయుక్తముగా పూర్తి చేయవలెననీ, అంతవరకు ఏ స్థాయి ఉద్యోగియు కంప్యూటరు ఉన్న స్థలము విడిచి వెళ్లరాదనీ, పరీక్ష తప్పిన కార్యాలయాధికారి పదోన్నతి విషయము పునఃపరిశీలించబడుననీ అందులో ఉంది. మా ఆఫీసు అధికారి, డిప్యూటీ ఇంజనీరు (డీఈ) త్రినాథరావు గారికి పదోన్నతి గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుతోంది. ఆయన ఆ ఉత్తర్వుని నిలబడి చదివారు.

'ఏ స్థాయి ఉద్యోగియు' అన్న మాటలో లస్కర్లు కూడా వస్తారని మా సూపరింటెండెంటు కామేశం భాష్యం చెప్పాడు. లస్కరంటే కాలువ మీద ఉండి, వంతుల ప్రకారం షట్టర్లు ఎత్తి దించే మనిషి. మా పరిధిలో కొత్తకోడు బోది చూసే లస్కరు అబ్బులు. బోదంటే పొలాలకి నీరు తీసుకెళ్లే పిల్ల కాలువ. అబ్బుల్ని కాలువ మీదనుంచి పిలిపించారు. షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు ఎప్పుడూ లస్కరు స్వాధీనంలోనే ఉండాలి గనక దాన్ని కూడా భుజాన వేసుకొచ్చి, కంప్యూటరు గది మూల నిలబెట్టాడు. షట్టరు మాత్రం దించినది దించినట్టే కొత్తకోడులో ఉండిపోయింది.

ఆ మర్నాడే పల్లాలమ్మ వచ్చింది. కొత్తకోడు బోదికి అందరికన్నా శివార్న మూడెకరాలు కౌలుకి చేస్తోంది. దాళ్వా చేను, అంటే రెండో పంట వరి, పొట్ట మీద ఉంది. ఆ దశలో వరికి నీళ్లు తప్పితే వెన్ను గింజ పట్టదు, తాలు మిగులుతుంది. వారబందీలో, అంటే నీళ్ల వంతుల పట్టికలో, ఆమె వంతు మొదలైంది, నీళ్లు కాలువలో ఉన్నాయి, ఎత్తడానికి మనిషి లేడు. నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని కాబట్టి ఆమె మొర మొదట నా బల్లకే వచ్చింది. శిక్షణ అయిపోగానే పంపిస్తామని చెప్పాను. ఎప్పుడవుతుందని అడిగింది. ఆట మొదలవ్వాలి గదా అన్నాను.

మొదలవడం అంత తేలిక కాదు. ఆటకి ముందు 'సెట్టింగులు' ఉంటాయి. ఆట ఎంత కష్టంగా ఉండాలో మనమే చెప్పాలట: సులభం, సాధారణం, కఠినం. సులభం అంటే పని ఎగ్గొట్టారని ఆడిట్ వాళ్లు రాస్తారు. కఠినం అంటే ఎవరి అనుమతితో రిస్కు తీసుకున్నారని అడుగుతారు. డీఈ గారు బాగా ఆలోచించి, తమ సర్వీసంతా తమని కాపాడిన మాటనే ఎన్నుకున్నారు. సాధారణం అన్నారు.

తరవాత మౌసు వేగం. అది ఎక్కువైతే వేలు కదిపితేనే తెర మీద లోకం గిర్రున తిరుగుతుంది. తక్కువైతే చెయ్యంతా కదపాలి. ఈ విషయమై సర్కిల్ ఆఫీసుకి రాస్తే, "మౌసు వేగము ప్రభుత్వ కార్యాలయ హుందాతనమునకు భంగము కలుగనిదై యుండవలెను" అని జవాబొచ్చింది. దాన్ని అట్టడుగుకి దించేశాం. ఆ తరవాత తెర మీది సిపాయి కుడివైపు చూడాలంటే నేను మౌసు పట్టుకుని బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాల్సి వచ్చేది. తుపాకీ చప్పుడు పక్కనున్న రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లిళ్లకి అడ్డమని కట్టేశాం.

అసలు చిక్కు బటన్ల దగ్గర వచ్చింది. ఆటలో మనకి కనిపించేది రెండు చేతులూ ఒక తుపాకీ. ఆ చేతుల వెనకున్న సిపాయి మనమే. ఒక బటను నొక్కితే ముందుకి నడుస్తాడు, ఒకటి వెనక్కి, రెండు పక్కలకి రెండు, గెంతడానికొకటి, వంగోడానికొకటి. మౌసు కదిపితే గురి, మౌసు నొక్కితే పేలుడు. ఇవన్నీ ఒకే మనిషి రెండు చేతులతో చేస్తాడని ఆటతో వచ్చిన చిన్న పుస్తకంలో రాసి ఉంది. అది చదివి కామేశం కళ్లజోడు తీసేశాడు.

మా శాఖలో కొలిచినవాడు బిల్లు పాసు చెయ్యడు. పాసు చేసినవాడు చెల్లించడు. పని చూసినవాడు ఒకడు, రాసినవాడు ఒకడు, సంతకం పెట్టినవాడు ఇంకొకడు అయితేనే తప్పు ఎవరిదీ కాకుండా ఉంటుంది. అలాంటిది గురి చూసినవాడే కాల్చేస్తే రేపు ఎంక్వయిరీలో ఏం చెప్తామని కామేశం అడిగాడు. ఆ పాయింటుకి డీఈ గారు కూడా నిర్ఘాంతపోయారు. వెంటనే బటన్లకి జాబ్ చార్టు తయారుచెయ్యమన్నారు.

కాలువ తనిఖీకి వెళ్లినప్పుడు కర్ర పుచ్చుకుని ముందు నడిచేవాడు లస్కరే గనక 'ముందుకు' బటను అబ్బులుకి ఇచ్చాం. 'వెనక్కి' బటనుని, తనకి అనుభవం ఉందంటూ, కామేశం తీసుకున్నాడు. తూటాలు నింపే బటను కూడా స్టోర్సు చూసే హోదాలో ఆయనకే చేరింది. కుడి, ఎడమ బటన్లు ఇద్దరు వర్కు ఇన్‌స్పెక్టర్లకి వెళ్లాయి. వాళ్లిద్దరికీ క్వార్టర్సు విషయంలో మాటల్లేవు, అందువల్ల సిపాయి చివరిదాకా తూలుతూనే నడిచాడు. గెంతడం ఎవరికీ ఇవ్వలేదు. సీనియారిటీ జాబితాలో ఎవరైనా గెంతితే మిగతావాళ్లు కోర్టుకెళ్తారు. గురి నాకు. కాల్చే అధికారం గెజిటెడ్ హోదా గలవారికే ఉంటుంది కాబట్టి డీఈ గారికి.

డీఈ గారు మా అందరితో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చోవడం బాగుండదు. రెండు మౌసులు తగిలించినా కంప్యూటరు ఏమీ అనదని తెలిసింది. వెంటిలేటరులోంచి పొడుగు తీగ లాగి ఆయన గదిలో రెండో మౌసు పెట్టాం. అక్కడ ఆయనకి తెర కనిపించదు కదా అని నేను సందేహం వెలిబుచ్చాను. బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం కాలువ కనిపిస్తోందా అని కామేశం అన్నాడు.

ఇక పద్ధతి ఏమిటంటే, శిక్షణ మైదానంలో అట్ట బొమ్మలు లేస్తాయి. నేను గురి చూసి బెల్లు కొడతాను. డీఈ గారు మౌసు నొక్కుతారు. ఆయన ఫోనులో ఉంటే బొమ్మ ఆగదు. ఫోనులో లేనప్పుడు, అలవాటు కొద్దీ, "చర్చించండి" అని లోపలినుంచి కేక వేస్తారు. నేను మౌసు వదిలి లోపలికెళ్లి, అట్ట బొమ్మ లేచిన పూర్వాపరాలు విన్నవించి, మౌఖిక అనుమతి తీసుకుని వచ్చేసరికి అది పడుకుండిపోయేది. తూటాలు అయిపోతే, పాత తూటాల వినియోగ ధ్రువపత్రం లేనిదే కొత్తవి నింపనని కామేశం భీష్మించేవాడు. తగలని తూటాలకి ధ్రువపత్రం ఏమని రాయాలో తెలియక నా తల ప్రాణం తోకకొచ్చేది.

అది మార్చి నెల. ఆఖరి వారంలో ఉన్నట్టుండి కామేశానికి గుబులు పుట్టింది. నెలాఖరు దాటితే మిగిలిన తూటాలు మురిగిపోతాయన్నాడు. డీఈ గారు ఆ రోజు మధ్యాహ్నమంతా ఫోన్లు కట్టేసి మౌసు నొక్కారు. సిపాయి ఆకాశంలోకీ, నేలమీదకీ, గోడమీదకీ ఉన్న తూటాలన్నీ కాల్చేశాడు. మా సబ్‌డివిజన్ చరిత్రలో ఒక పద్దు నూటికి నూరు శాతం ఖర్చవడం అదే మొదలు.

పల్లాలమ్మ కాళ్లరిగేలా తిరుగుతూనే ఉంది. రోజూ వచ్చి గుమ్మం పక్కన నిలబడి తెర వంక చూసేది. ఒకనాడు అడిగింది:

"ఆ బాబు ఎందుకండి అలా గోడకేసి గుద్దుకుంటన్నాడు? కళ్లు కనపడవాండి?"

నేను బల్ల ఆ చివర ఉన్నాను. సిపాయి మలుపు తిరగాలంటే నేను నడిచి రావాలి, ఈలోగా అబ్బులు ముందుకు నొక్కుతూనే ఉన్నాడు. ఆపమని అతనికి చెప్పవలసింది కామేశం. కామేశం టీకి వెళ్లాడు. ఇదంతా ఆమెకి చెప్పలేక, శిక్షణలో ఉన్నాడమ్మా అన్నాను. పాపం అని, చేలో నేల నెర్రెలిచ్చిందని చెప్పింది.

అబ్బులు ఆ మాట విన్నాడు. బటను మీద వేలు తియ్యకుండానే డీఈ గారి గది వైపు తిరిగాడు.

"అయ్యగారండి, కొత్తకోడు షట్టరు రెండు చుట్లు తిప్పేసి వచ్చేత్తానండి. సైకిలు మీద ఎంతోసేపు పట్టదండి. ఆవిడ వంతండి."

డీఈ గారు బయటికొచ్చారు. కోప్పడలేదు. ఆయనకి నిజంగానే జాలేసినట్టుంది, అబ్బులు మీద.

"అబ్బులూ, నువ్విప్పుడు లస్కరువి కావు. 'ముందుకు' బటనువి. నువ్వు లేస్తే ఈ ఆఫీసు ముందుకి కదలదు. ఆ బాధ్యత నీకు అర్థమవుతోందా?"

అర్థమైందని అబ్బులు అన్నాడు. పోనీ ఆ రెండు చుట్లూ రైతులనే తిప్పుకోమందామా అని నేను నసిగాను. శాఖకి చెందని వ్యక్తి షట్టరును తాకుట శిక్షార్హమైన నేరమని కామేశం సెక్షను సహా చదివి వినిపించాడు. పల్లాలమ్మ కూడా విన్నది. చేనుకి ఇంకెన్నాళ్లో ఓపిక లేదని మాత్రం చెప్పి వెళ్లింది. కానీ నా చేతిలో గురి తప్ప ఏముంది?

ఎలాగో సిపాయి మైదానం చివరికి చేరాడు. అట్ట బొమ్మలన్నిటినీ కాల్చామని అనలేను, కొన్ని విసిగి వాటంతటవే పడిపోయాయి. చివర పెద్ద ఇనప గేటుంది, దానికి చక్రముంది. ఒక బటను కాసేపు అదిమి పట్టుకుంటే సిపాయి చక్రం తిప్పుతాడు, గేటు లేస్తుంది, శిక్షణ పూర్తవుతుంది. కానీ ఆ బటను మా జాబ్ చార్టులో ఎవరికీ లేదు. గేటు ఎత్తాలంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి ఉత్తర్వు ఉండాలి. ఫైలు పెట్టాం. "సదరు గేటు క్షేత్రస్థాయిలో ఉన్నదా, లేక తెరపై మాత్రమే ఉన్నదా స్పష్టపరచవలెను" అని పైనుంచి అడిగారు. తెరపై మాత్రమే అని రాశాం. ఆ సాయంత్రమే అనుమతి వచ్చేసింది. నా సర్వీసులో గేటు అనుమతి అంత వేగంగా రావడం ఎరగను.

పరీక్ష రోజు నిశాంత్ గారు స్వయంగా వచ్చారు. చేతిలో స్టాప్‌వాచీ, మెడలో బిళ్ల. మా ఏర్పాటంతా బల్ల చుట్టూ తిరిగి చూశారు. ఆ తరవాత, ఒక వ్యక్తి నైపుణ్యాన్ని ఆరుగురిలో వికేంద్రీకరించిన నమూనా తాను ఏ దేశంలోనూ చూడలేదన్నారు. డీఈ గారు ఆ మాట రాసుకోమని నాకు సైగ చేశారు.

పల్లాలమ్మ ఆ వేళా గుమ్మంలోనే ఉంది. సిపాయి తూలుతూ గేటు దగ్గరికి వెళ్లాడు. డీఈ గారు గదిలోంచి వచ్చి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి అనుమతిని బల్ల మీద పెట్టి, బొటనవేలితో బటను అదిమారు. చక్రం తిరిగింది. గేటు లేచింది. గేటు అవతల ఒక ఏరు, దాని నిండా నీళ్లు, ఎండలో మెరుస్తూ. మేమంతా చప్పట్లు కొట్టాం. సంతోషం నిజంగానే వేసింది, అబద్ధం ఎందుకు.

"ఆ నీళ్లు ఏ బోదిలోకెల్తాయండి?" అంది పల్లాలమ్మ.

నిశాంత్ గారు నవ్వి, అవి బొమ్మ నీళ్లమ్మా అన్నారు. ఆమె తల ఊపింది. డీఈ గారు స్వీట్లు పంచమన్నారు. ఆ సందట్లో గది మూలనున్న ఇనప హ్యాండిలు ఎప్పుడు కదిలిందో మాలో ఎవరూ గమనించలేదు. అబ్బులు గమనించాడని తరవాత నాతో ఒక్కడితో అన్నాడు. అతను అప్పుడు బటను మీద వేలేసుకుని తెర వంకే చూస్తూ కూర్చున్నాడట.

స్వీట్లూ టీలూ అయ్యేసరికి ఫోను మోగింది. కొత్తకోడు షట్టరు ఎవరో ఎత్తేశారని, పై చేల రైతొకడు చెప్పాడు. అనుమతి లేని గేటు, క్షేత్రస్థాయిలో.

ఆ తరవాత జరిగింది నేను కళ్లారా చూశాను గనక నమ్ముతున్నాను. డీఈ గారు కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతారు. గెంతడం ఎవరి జాబ్ చార్టులోనూ లేదని ఎవరికీ గుర్తు రాలేదు. మాటల్లేని వర్కు ఇన్‌స్పెక్టర్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జీపెక్కారు. జీపులో డీజిలు ఉంది. ఎప్పుడు పోశారో, ఏ పద్దు కింద పోశారో కామేశం అడగలేదు. ఆయన అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు. 'వెనక్కి' అన్న మాట ఆ వేళ ఆయన నోట రాలేదు. నిశాంత్ గారు స్టాప్‌వాచీ నొక్కారు.

మేం వెళ్లేసరికి పల్లాలమ్మ గట్టు మీద నిలబడి ఉంది. చేతిలో హ్యాండిలు, చీర చెంగు నడుముకి బిగించి ఉంది. నీళ్లు బోదిలోకి దిగి, ఎండుటాకుల్ని తోసుకుంటూ అప్పుడప్పుడే కదులుతున్నాయి. ఆమె మా వైపు కాదు, ఆ నీళ్ల వైపు చూస్తోంది. డీఈ గారు ఆమె చేతిలోంచి హ్యాండిలు లాక్కుని, తొడిగి, తమ చేత్తో తామే తిప్పారు. ఎవరినీ చర్చించమనలేదు. ఎవరి అనుమతీ కావలసి రాలేదు. షట్టరు దిగిపోయింది. తెల్ల చొక్కా మీద గ్రీజు మరక పడితే కూడా ఆయన చూసుకోలేదు.

"నా వంతేనండి," అంది పల్లాలమ్మ.

"వంతు నీదేనమ్మా, కాదన్నదెవరు. ఎత్తే పని నీది కాదు," అన్నారు డీఈ గారు, ఆయాసపడుతూ.

నిశాంత్ గారు స్టాప్‌వాచీ ఆపి, అంకె చూసి, మా అందరికీ వరసగా చెయ్యిచ్చారు. ఈ శిక్షణ ఇంత ఫలితమిస్తుందని తాను కూడా ఊహించలేదన్నారు. కేసు కాగితం మీద కామేశం ఆమె వేలిముద్ర తీసుకుంటున్నాడు. బోదిలోకి దిగిన కాస్త నీరూ శివారు దాకా వెళ్లకుండానే మొదటి మలుపు దగ్గర ఇంకిపోయింది. ఆ సిరా వేలిని చీర కుచ్చిళ్లకి తుడుచుకుంటూ ఆమె డీఈ గారిని అడిగింది. నిష్టూరంగా కూడా కాదు, తెలియక అడిగినట్టే అడిగింది.

"ఇంత తొరగా రాగలరాండి తవరు? నీళ్లకి రమ్మంటే రాలేదని, పాపం చేతకాదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ."

అబ్బులు తిరిగి కాలువ మీదకి వెళ్లేసరికి వంతు దాటిపోయి, ఆ దాళ్వాకి పల్లాలమ్మ చేను పొట్టలోనే పోయింది. త్రినాథరావు గారు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అయ్యారు. అబ్బులుకి హ్యాండిలు భద్రపరచనందుకు మెమో వచ్చింది. మా ఆఫీసుకి రాష్ట్రంలో ప్రథమ స్థానం వచ్చింది. ఆ సందర్భంగా అచ్చేసిన రంగుల పుస్తకం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. అందులో 'లబ్ధిదారుల అభిప్రాయం' అన్న శీర్షిక కింద, గట్టు మీద నిలబడ్డ పల్లాలమ్మ ఫొటో పక్కన, ఆమె మాట వేశారు: "ఇంత త్వరగా రాగలరా తమరు!" మిగతా మాటలకి చోటు చాలలేదట.